బొటనవేలి చాటున మేఘం

లాస్ ఏంజెలెస్ కొండల మీద ఒక పెద్ద ఇంట్లో పుట్టినరోజు వేడుక. పిల్లల్ని ఆడించడానికి కౌబాయ్ వేషంలో వచ్చిన సినిమా నటుడు కూపర్ హోవర్డ్‌ని ఫొటో కోసం బొటనవేలు పైకెత్తమని అడుగుతారు. ఎత్తనంటాడు. తర్వాత కూతురు ఆ వేలి సంగతి అడిగితే, సైన్యంలో నేర్పిన విషయం చెబుతాడు. దూరాన బాంబు పడి పుట్టగొడుగు మేఘం లేస్తే, చెయ్యి చాచి బొటనవేలు దానికి ఎదురుగా పెట్టి చూడాలి. మేఘం వేలికన్నా చిన్నదైతే పరుగెత్తాలి. పెద్దదైతే పరుగెత్తినా దండగే. వేలంటే నీదా, నాదా అని ఆ పిల్ల అడిగేసరికే నగరం మీద మేఘం లేచి ఉంటుంది.

2024 ఏప్రిల్‌లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన ‘ఫాలౌట్’ సీరియల్ మొదలయ్యేది ఈ దృశ్యంతోనే. దీనికి మూలం 1997లో ఇంటర్‌ప్లే సంస్థ విడుదల చేసిన వీడియోగేమ్. బొటనవేలు ఎత్తి నవ్వే ‘వాల్ట్ బాయ్’ అనే కార్టూన్ కుర్రాడు ఆ ఆటకు ముఖచిత్రం లాంటివాడు. మొనాపలీ ఆట కార్డుల మీది బొమ్మల్ని మనసులో పెట్టుకుని లియోనార్డ్ బోయార్‌స్కీ అతనికి రూపమిచ్చాడు. ఆ వేలు మేఘాన్ని కొలవడానికేనన్న కథ ఆడేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తిరిగింది. సీరియల్ దాన్ని తీసుకుని ఒక తండ్రి నోట పెట్టింది. ఆ తర్వాత ప్రకటనల్లో ఆ వేలు కనిపించిన ప్రతిసారీ కడుపులో దేవినట్టవుతుంది.

సీసా మూతల్ని డబ్బుగా వాడటం, న్యూకా కోలా పానీయం, చేతికి కట్టుకునే పిప్-బాయ్ కంప్యూటర్ వంటి గుర్తుల్ని ఆట తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. వాటికన్నా లోతైనవి ఆట ఎన్నడూ ఆడనివాళ్లకు కూడా అందుతాయి. కథలో బాంబులు పడేది 2077లో అయినా కార్లు, గౌన్లు, పాటలు అన్నీ 1950ల నాటివే. ఆ దశాబ్దంలో అమెరికా ప్రభుత్వం అణుయుద్ధాన్ని ఇల్లాలి పనుల్లో ఒకటిగా, బడిపిల్లల పాఠంగా మార్చింది. బెర్ట్ అనే తాబేలు బొమ్మతో, బల్లల కింద దూరి తల దాచుకోవడం నేర్పే ‘డక్ అండ్ కవర్’ చిత్రం 1952లో బడుల్లోకి వచ్చింది. వాల్ట్ బాయ్ నవ్వుకూ ఆ తాబేలుకూ దగ్గరి చుట్టరికం ఉంది.

1953 మార్చి 17న నెవాడా ఎడారిలో ప్రభుత్వం రెండు చెక్క ఇళ్లు కట్టించి, గదుల్లో సామాన్లు సర్ది, బట్టలు తొడిగిన బొమ్మల్ని మనుషుల్లా ఉంచి, 16 కిలోటన్నుల బాంబు పేల్చింది. సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న ఇల్లు క్షణాల్లో కుప్పకూలింది. 1955 మే 5న మళ్లీ పరీక్ష, ఈసారి ఇంకా పెద్ద ఊరు. అప్పటి ఇళ్లలో రెండు ఇప్పటికీ ఆ ఎడారిలో నిలబడే ఉన్నాయి. సీరియల్‌లో నేలమాళిగల్ని అమ్మే వాల్ట్-టెక్ కంపెనీ ప్రకటనల్లోని కుటుంబాన్ని చూస్తే ఆ బొమ్మలే గుర్తొస్తాయి.

ఇక ఆ నేలమాళిగల సంగతి. 1961 జులై 25న బెర్లిన్ సంక్షోభం మీద టీవీలో మాట్లాడుతూ అధ్యక్షుడు కెనెడీ పౌర రక్షణకు అదనంగా 20 కోట్ల డాలర్ల పైచిలుకు కావాలని కోరాడు. ఆ ఏడాదే నలుపు మీద మూడు పసుపు త్రికోణాల షెల్టర్ బోర్డులు ఊళ్లలో వెలిశాయి. పెరట్లో గొయ్యి తవ్వుకున్నవాళ్లకు మరో ప్రశ్న ఎదురైంది: పొరుగువాడు తలుపు తడితే ఏం చేయాలి? తరిమేయడం తప్పు కాదని ఒక జెసూట్ ఫాదర్ పత్రికలో రాస్తే దేశమంతా చర్చ రేగింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే ‘ట్వైలైట్ జోన్’ సీరియల్ ఇదే ప్రశ్న మీద ఒక భాగం ప్రసారం చేసింది. ‘ఫాలౌట్’ తొలి దృశ్యంలో, అంతదాకా కేకు పంచిన ఇంటాయన తన వాళ్లను షెల్టర్‌లోకి పంపి మిగతావాళ్లను అడ్డుకుంటాడు. కొన్ని సెకన్ల ఆ తోపులాటలో 1961 మొత్తం ఉంది.

లోపలికి ఎవరు, బయట ఎవరు అన్నదే ఈ కథకు వెన్నెముక. వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్‌బ్రయర్ హోటల్ కింద పార్లమెంటు సభ్యుల కోసం 1958-61 మధ్య రహస్యంగా కట్టిన బంకర్‌ను కాపాడినవాళ్లు, హోటల్లో టీవీలు బాగుచేసేవాళ్లుగా చలామణీ అయ్యారు. 1992లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టేదాకా, సుమారు ముప్పై ఏళ్లు, ఆ గుట్టు నిలిచింది. సీరియల్‌లోని 33వ వాల్ట్ (నేలమాళిగ) జనానికి పక్క వాల్ట్‌లో ఎవరున్నారో తెలియకపోవడం అసాధ్యమేమీ కాదు.

దృశ్యాలు తీసిన చోట్లకూ సొంత గతం ఉంది. బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్ సైనికుల స్థావరంగా కనిపించేది యూటా రాష్ట్రంలోని వెండోవర్ విమానాశ్రయం. హిరోషిమా మీద బాంబు వేసిన దళం, 509వ కాంపోజిట్ గ్రూప్, 1944 డిసెంబరులో ఏర్పడింది ఇక్కడే. ఆ బాంబు మోసిన ఎనోలా గే విమానపు హ్యాంగర్ ఇంకా ఉంది. అణుయుద్ధం మిగిల్చిన ప్రపంచంలో ఆయుధాల కోసం పడి చచ్చే కుర్రాళ్లను ఆ నేల మీదే నడిపించారు. ఈ సీరియల్‌లో ఇంతకు మించిన గుర్తు మరొకటి లేదు.

కాలిఫోర్నియా శిథిలాలుగా చూపిన ఇసుక నిండిన ఇళ్లు కోల్మన్‌స్కోప్‌వి. నమీబియాలో, లూడెరిట్జ్ రేవుకు పది కిలోమీటర్ల దూరంలోని వజ్రాల ఊరు అది. ఆ రేవు పక్కనే షార్క్ ద్వీపంలో 1905-07 మధ్య జర్మన్లు నడిపిన నిర్బంధ శిబిరంలో హెరెరో, నామా తెగల జనం వందలూ వేలుగా చనిపోయారు. 1908లో ఈ వజ్రాల ఊరి దగ్గర రైలు పట్టాల మీది ఇసుక ఎత్తిపోస్తున్న జకారియాస్ లెవాలా అనే కూలీకి మెరిసే రాయి దొరికింది. దాన్ని తన పైఅధికారి ఆగస్ట్ స్టౌఖ్‌కు ఇచ్చాడు. కొద్ది ఏళ్లలో అక్కడ ఆసుపత్రి, నాట్యశాల, మంచు తయారుచేసే ఫ్యాక్టరీ లేచాయి. కూలీలు వజ్రాలు మింగారేమో చూడటానికీ వాడిన ఎక్స్-రే యంత్రం కూడా వచ్చింది. దక్షిణాన ఇంకా మంచి గనులు దొరికాక జనం వెళ్లిపోయారు. 1956 నాటికి ఊరు ఖాళీ. తలుపులూ కిటికీలూ దాటి ఎడారి గదుల్లోకి వచ్చి కూర్చుంది. కెమెరా ముందు ఆ ఇసుక 2296 నాటి అమెరికా అయింది. స్టౌఖ్ కోటీశ్వరుడయ్యాడు. తొలి రాయి తీసిన లెవాలాకు ప్రతిఫలం ఏమీ దక్కలేదు.