విండ్సర్ నుంచి చూస్తే: జపాన్, జర్మనీ లగ్జరీ కార్ల పోటీ చరిత్ర

కెనడాలో మోటారు పరిశ్రమకు పుట్టినిల్లు ఒంటారియో రాష్ట్రంలోని విండ్సర్. డెట్రాయిట్ నదికి ఒక గట్టున అమెరికా కార్ల రాజధాని డెట్రాయిట్, ఎదుటి గట్టున విండ్సర్. కెనడా అంటే అమెరికాకు ఉత్తరం అనుకుంటాం కానీ ఇక్కడ మాత్రం కెనడా ఊరే దక్షిణాన ఉంటుంది. నది ఇవతలకు కార్ల తయారీని రప్పించింది దిగుమతి సుంకం. 19వ శతాబ్దం చివరి నుంచి కెనడా తన కర్మాగారాలను కాపాడుకోవడానికి కట్టుకున్న సుంకాల గోడ 20వ శతాబ్దం మొదట్లో కార్ల మీద 35 శాతం దాకా ఉండేది. 1904 ఆగస్టులో గోర్డన్ మెక్‌గ్రెగర్ అనే గుర్రపు బండ్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్‌తో ఒప్పందం చేసుకుని, విండ్సర్ పక్కనున్న వాకర్‌విల్‌లో ఫోర్డ్ మోటార్ కంపెనీ ఆఫ్ కెనడాను స్థాపించాడు. డెట్రాయిట్ నుంచి విడిభాగాలు నది దాటి వచ్చేవి. బిగింపు ఇక్కడ జరిగేది. మొదటి ఏడాది బయటికొచ్చిన కార్లు 117.

ఆ కంపెనీకి దక్కిన హక్కుల్లో తెలుగువారికి సంబంధించిన సంగతి ఒకటుంది. బ్రిటన్‌ను మినహాయించి బ్రిటిష్ సామ్రాజ్యమంతటా ఫోర్డ్ కార్లు అమ్ముకునే హక్కు కెనడా ఫోర్డ్‌దే. 1926లో బొంబాయి కేంద్రంగా ఏర్పడిన ఫోర్డ్ ఇండియా ఈ కంపెనీ పిల్లే. బొంబాయి, కలకత్తాలతో పాటు మద్రాసులోనూ ఆ కార్లను బిగించేవారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆ రోజుల్లో మన జమీందార్ల వాకిళ్లలోనూ వకీళ్ల షెడ్లలోనూ నిలిచిన ఫోర్డ్ కార్లకు మూలం డెట్రాయిట్ అనుకోవడం సహజం. కానీ ఆ వ్యాపారం నడిచింది విండ్సర్ గట్టు నుంచి.

ఖరీదైన కారుకు వేరే సుంకం అన్న ఆలోచన కూడా పాతదే. 1926 బడ్జెట్‌లో కెనడా ప్రభుత్వం 1,200 డాలర్ల లోపు కార్ల మీద సుంకాన్ని 20 శాతానికి తగ్గించి, అంతకు మించిన ధర ఉన్నవాటి మీద 27.5 శాతం దగ్గర ఆపింది. 1930 తర్వాత ప్రధాని బెనెట్ ప్రభుత్వం సుంకాలను మళ్లీ పెంచింది. ఆనాటి అమెరికా ధనికుల కారు ప్యాకార్డ్. ఆ కంపెనీ 1931లో విండ్సర్‌లో ఫ్యాక్టరీ తెరిచి 1939 దాకా నడిపింది. క్రైస్లర్ అప్పటికే ఇక్కడ స్థిరపడింది. ఆ సంస్థ 1928లో కట్టిన విండ్సర్ అసెంబ్లీ ప్లాంట్ నేటికీ ఊరికి అన్నం పెడుతోంది. సుంకం ఎక్కువగా ఉన్న దేశానికి కారును పంపేకన్నా అక్కడే బిగించడం మేలన్న ఈ లెక్క భారతదేశానికీ తెలిసినదే. మెర్సిడెస్ 1990లలో పూణేలో, బి.ఎం.డబ్ల్యు. 2007లో చెన్నైలో కార్లు బిగించడం మొదలుపెట్టింది ఈ లెక్క చూసుకునే.

1965 జనవరి 16న కెనడా ప్రధాని పియర్సన్, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆటో ప్యాక్ట్ మీద సంతకాలు చేశారు. కెనడాలో ఎన్ని కార్లు అమ్ముతారో దాదాపు అన్ని కార్లు కెనడాలోనే తయారుచేస్తామని, వాటిలో కొంత విలువ కెనడాలోనే సమకూరుస్తామని మాటిచ్చిన కంపెనీలు సుంకం లేకుండా కార్లు తెచ్చుకోవచ్చు. ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్ ఆ జాబితాలో చేరాయి. విండ్సర్‌కు మహర్దశ పట్టింది. చిన్న మార్కెట్ కోసం రకరకాల మోడళ్లను కొద్దికొద్దిగా చేసే అవస్థ తప్పి, ఒకే మోడల్‌ను ఖండమంతటికీ చేయడం మొదలైంది. 1983 నవంబరులో క్రైస్లర్ మినీవ్యాన్ తయారీ విండ్సర్‌కు వచ్చింది ఆ ఏర్పాటు నీడలోనే.

జపాన్ కార్లు అప్పటికి చిన్నకార్లు, చౌకకార్లు. 1973 చమురు సంక్షోభం తర్వాత వాటికి గిరాకీ పెరిగింది, డెట్రాయిట్, విండ్సర్‌లలో పనులు పోయాయి. 1981లో అమెరికా ఒత్తిడికి తలొగ్గి జపాన్ అక్కడికి తన ఎగుమతులను ఏడాదికి 16.8 లక్షల కార్లకు పరిమితం చేసుకుంది. కెనడాతోనూ అలాంటి ఒప్పందమే చేసుకుంది. కోపం మనుషుల మీదికి కూడా మళ్లింది. 1982 జూన్‌లో డెట్రాయిట్ శివారు హైలాండ్ పార్క్‌లో విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుడిని, జపాన్ మీది అక్కసుతో, కార్ల పరిశ్రమకు చెందిన ఇద్దరు కొట్టి చంపారు. వారు జైలుశిక్ష అనుభవించనే లేదు. కార్ల పోటీని అంకెలతోనే చెప్పి ఊరుకోవడం చరిత్రకు న్యాయం కాదు. ఒక దేశపు సరుకు మీది ద్వేషం ఎంత దూరం పోగలదో ఆ నదీతీరం చూసింది.

పరిమితి పెట్టినవారు ఊహించని ఫలితం మరొకటి ఉంది. లెక్క కార్ల సంఖ్య మీద పెడితే, ఒక్కో కారు మీద ఎక్కువ సంపాదించడమే దారి. జపాన్ కంపెనీలు పెద్ద కార్ల వైపు తిరిగాయి. 1986లో హోండా ఆక్యురా పేరుతో వేరే బ్రాండ్ పెట్టింది. టయోటా అంతకుముందే, 1983లో, రహస్యంగా ఒక పని మొదలుపెట్టింది. ప్రపంచంలోని మేటి కార్లను ఢీకొనగల కారు చేయగలమా అని కంపెనీ అధిపతి ఈజీ టయోడా తన పెద్దలను అడిగాడు. చీఫ్ ఇంజనీరు ఇచిరో సుజుకి చేతికి వచ్చిన ఆ పనిలో 1,400 మంది ఇంజనీర్లు పాల్గొన్నారు. దాదాపు 450 నమూనా కార్లు చేశారు. ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది. టయోటా కొత్త బ్రాండ్ లెక్సస్ పేరుతో ఆ కారు, ఎల్‌ఎస్ 400, 1989 జనవరిలో తొలిసారి జనం ముందుకొచ్చింది డెట్రాయిట్ ఆటో షోలో, విండ్సర్ నది గట్టున నిలబడితే కనిపించే ప్రదర్శనశాలలో. నిస్సాన్ ఇన్ఫినిటీ బ్రాండ్ కూడా ఆ ఏడాదే బయల్దేరింది.

జర్మన్ కారుకూ లెక్సస్‌కూ ఉన్న అసలు తేడా ఆలోచనలోనే ఉంది. మెర్సిడెస్, బి.ఎం.డబ్ల్యు. కార్లు వేగానికి హద్దులేని ఆటోబాన్ రహదారుల కోసం పుట్టాయి. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ చేతికి ఏం చెబుతుంది, బ్రేకు ఎంత నమ్మకంగా పట్టుకుంటుంది అన్నది వాటికి ప్రాణం. చక్రాలు జారకుండా చేసే ఎలక్ట్రానిక్ ఏబీఎస్ బ్రేకును బాష్ సంస్థతో కలిసి 1978లో ఎస్ క్లాస్‌లో తెచ్చింది మెర్సిడెసే. 1987లో బి.ఎం.డబ్ల్యు. పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌తో 750ని దించింది. ఇంజనీరు మంచిదనుకున్నది చేస్తాడు, ధర తర్వాత చూసుకుంటారు: మెర్సిడెస్‌లో చాలాకాలం నడిచిన పద్ధతి ఇదే. టయోటాలో ముందు ధర అనుకుని, ఆ ధరలో కారు ఎలా చేయాలో వెనక్కి లెక్కవేస్తారు. సుజుకి తన ఇంజనీర్ల ముందు పెట్టిన లక్ష్యాలు ఒకదానికొకటి పడనివి: కారు గంటకు 250 కిలోమీటర్లు పోవాలి, లోపల నిశ్శబ్దంగా ఉండాలి, పెట్రోలు ఎక్కువ తాగే కార్ల మీద అమెరికా వేసే పన్ను దీనికి పడకూడదు. ఆ మూడూ సాధించిన కారు అమెరికాలో 35,000 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. పెద్ద మెర్సిడెస్ ధరలో అది సగానికి కొంచెం పైన.

అమ్మకాలు మొదలైన కొద్ది నెలలకే, బ్రేకు దీపం గురించీ క్రూయిజ్ కంట్రోల్ గురించీ వచ్చిన కొద్దిపాటి ఫిర్యాదులకే, లెక్సస్ దాదాపు 8,000 కార్లను వెనక్కి పిలిచింది. సిబ్బందిని యజమానుల ఇళ్లకు పంపి కార్లు తెప్పించి, బాగుచేసి, మూడు వారాల లోపే పని ముగించింది. కారు కన్నా ఈ మర్యాదే లెక్సస్‌కు ఎక్కువ పేరు తెచ్చిందంటే అతిశయోక్తి కాదు. జర్మన్లకు ఆ తర్వాతి దశాబ్దం పరీక్షగా మారింది. 1991 ఎస్ క్లాస్ బరువుకూ ధరకూ హద్దు దాటిపోయిందన్న విమర్శ వచ్చింది. 1990లలో బి.ఎం.డబ్ల్యు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లు కొన్ని సల్ఫర్ ఎక్కువగా ఉన్న పెట్రోలుకు లోపలి పూత అరిగి చెడిపోయాయి. ఉత్తర అమెరికా పెట్రోలులో ఆనాడు సల్ఫర్ ఎక్కువ. జర్మనీలో తిరుగులేని ఇంజిన్ ఇక్కడి బంకు దగ్గర ఓడిపోవడం చూస్తే, కారు మంచీచెడ్డా అది తిరిగే నేలతో కలిపి చూడాల్సిందేనని తెలుస్తుంది. ఒంటారియోలో ఏటా చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో రేకు తుప్పు పడుతుంది. చలికి బ్యాటరీ మొరాయిస్తుంది. ఏళ్ల తరబడి కారు ఉంచుకునేవారికి, మరమ్మతు బిల్లు చూసి ఉలిక్కిపడేవారికి ఇక్కడ జపాన్ కారు మంచి ఎంపిక. స్టీరింగ్ పట్టుకున్నప్పటి ఆనందమే కావాల్సినవారికి జర్మన్ కారును మించింది లేదు. ఈ రెండు మాటలూ మూడు దశాబ్దాలుగా నిలుస్తూనే ఉన్నాయి.

అయితే కెనడాలో ఈ రెండింటి గతి ఒక్క గుణంతోనే తేలలేదు. ఆటో ప్యాక్ట్ జాబితా 1989 నుంచి కొత్తవారికి మూతపడింది. జాబితాలోని కంపెనీలు ఏ దేశం నుంచైనా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అందువల్ల జనరల్ మోటార్స్ వాటా ఉన్న సాబ్, ఫోర్డ్ కొనుక్కున్న జాగ్వార్, వోల్వో సుంకం లేకుండా వచ్చే వీలు దొరికింది. లెక్సస్, బి.ఎం.డబ్ల్యు., ఆడి కార్ల మీద మాత్రం 1990ల చివర్లో 6.1 శాతం పడేది. ఒంటారియోలోనే ఫ్యాక్టరీలు పెట్టి వేలమందికి పని ఇస్తున్న హోండా, టయోటాలకూ ఆ సౌకర్యం లేదు. ఇది పచ్చి వివక్ష. జపాన్, యూరోపియన్ యూనియన్ రెండూ ప్రపంచ వాణిజ్య సంస్థ గడప తొక్కాయి. పోటీలో ఒకరినొకరు ఓర్వని జపాన్, జర్మనీ కంపెనీల తరఫు ప్రభుత్వాలు ఒకే ఫిర్యాదు మీద నిలబడ్డాయి. 2000లో తీర్పు కెనడాకు వ్యతిరేకంగా వచ్చింది. 2001 ఫిబ్రవరిలో ఆ మినహాయింపు రద్దయింది. విండ్సర్‌కు నీడనిచ్చిన ఒప్పందం అలా ముగిసింది.

అప్పటికే విండ్సర్ ప్లాంట్ యజమానుల్లో జర్మన్లు చేరారు. 1998లో మెర్సిడెస్ మాతృసంస్థ డైమ్లర్, క్రైస్లర్ కలిసి డైమ్లర్‌క్రైస్లర్ అయ్యాయి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి వచ్చిన పెద్దల ఆశల్లో ఒకటి క్రైస్లర్‌ను కాస్త ఖరీదైన వరసలోకి ఎక్కించడం. ఆ ఆశతో 2003లో విండ్సర్‌లో మొదలైన కారు పసిఫికా. ప్రచారానికి కెనడా గాయని సెలీన్ డియాన్‌ను పెట్టారు. ఆ కారు ఆశించినంతగా అమ్ముడుపోలేదు. మెర్సిడెస్ విడిభాగాలు వాడుకుని క్రైస్లర్ 300 కారు గెలిచింది కానీ దాన్ని చేసింది టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో. 2007లో డైమ్లర్ క్రైస్లర్‌ను వదిలించుకుంది. ఆ తర్వాత కొన్నేళ్లు వోక్స్‌వ్యాగన్ రూటాన్ అనే వ్యాన్ విండ్సర్‌లో తయారైంది. బిళ్ల జర్మనీది, కారు క్రైస్లర్ మినీవ్యానే.

జపాన్ కంపెనీలు వేరే దారి పట్టాయి. హోండా ఒంటారియోలోని అలిస్టన్‌లో 1986లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1996లో కెనడా మార్కెట్ కోసమే ఆక్యురా ఈఎల్ చేసింది. 2000 నుంచి ఎండీఎక్స్ అనే పెద్ద ఆక్యురా కూడా అక్కడే తయారై అమెరికాకు పోయింది. టయోటా 2003 సెప్టెంబరులో ఒంటారియోలోనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో లెక్సస్ ఆర్‌ఎక్స్ 330 తయారీ ఆరంభించింది. జపాన్ బయట తయారైన మొదటి లెక్సస్ అది. తన కీర్తినంతా నాణ్యత మీద నిలబెట్టుకున్న కంపెనీ ఒంటారియో కార్మికుల చేతిమీద ఉంచిన నమ్మకం అంతటిది. విండ్సర్ నుంచి 401 రహదారి మీద తూర్పుగా మూడు గంటలు పోతే ఆ ఫ్యాక్టరీ వస్తుంది. బి.ఎం.డబ్ల్యు. సౌత్ కరోలినాను, మెర్సిడెస్ అలబామాను ఎంచుకున్నాయి. 1990లలో ఆ దక్షిణ రాష్ట్రాలు పోటీపడి రాయితీలు ఇచ్చాయి. అక్కడ కార్మిక సంఘాలు బలహీనం. 1945లో 99 రోజులు సమ్మె చేసి సంఘం హక్కును నిలబెట్టుకున్న ఫోర్డ్ కార్మికుల ఊరు విండ్సర్. ఆ ఊరి వైపు అవి చూడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

2017లో యూరప్‌తో, 2018 చివర్లో జపాన్ తదితర దేశాలతో కుదిరిన ఒప్పందాలు అమలుకు రావడంతో ఆ 6.1 శాతం సుంకం మెట్టుమెట్టుగా తగ్గుతూ వచ్చింది. విండ్సర్‌లో ఇప్పుడు క్రైస్లర్ వ్యాన్లతో పాటు డాడ్జ్ చార్జర్ తయారవుతోంది. కొరియా ఎల్‌జీ పెట్టుబడితో బ్యాటరీ ఫ్యాక్టరీ వెలిసింది. వోక్స్‌వ్యాగన్ 2023లో సెయింట్ థామస్‌లో బ్యాటరీల కర్మాగారం ప్రకటించింది. అది విండ్సర్, కేంబ్రిడ్జ్‌ల నడుమ ఉన్న ఊరు. జపాన్ లగ్జరీ కారు ఒంటారియోలో తయారవడం మొదలై రెండు దశాబ్దాలు దాటింది. జర్మనీ లగ్జరీ కారు కెనడాలో ఇంకా దిగుమతి సరుకే.