చేవ్రాలు ఎవరిది?

సంతకానికి మన పాతమాట చేవ్రాలు. చేతి వ్రాత అని అర్థం. సంతకమంటే పేరు మాత్రమే కాదు, ఆ పేరుగల మనిషి చెయ్యి కూడా అన్న షరతు ఆ మాటలోనే ఉంది. ఈ చిన్న సంగతి గ్రహించడానికి నాకు రెండు నెలల జీతం ఖర్చయింది.

చాలా ఏళ్ళ క్రితం, పరదేశంలో కొలువు చేస్తున్న రోజులలో, పాత గ్రామఫోను రికార్డులు అమ్మే ఒక వ్యాపారి దగ్గర ఆటోగ్రాఫు పుస్తకంలోంచి చించిన ఒక కాగితం కొన్నాను. దానిమీద నీలిసిరాతో నాలుగు పేర్లు: జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. కాగితం 1963 నాటిదన్నాడు వ్యాపారి. వెంట బంగారురంగు ముద్ర వేసిన ధ్రువపత్రం ఒకటి ఇచ్చాడు. పటం కట్టించి ఆరేళ్ళు గోడకు వ్రేలాడదీశాను. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్ళకంటే ముందు దానిని చూపించేవాణ్ణి.

ఇటువంటి కాగితాలతోనే సగం జీవితం గడిపిన తెలుగాయన ఒకరు అక్కడే స్థిరపడి ఉండేవారు. ఒకనాడు మా ఇంటికి వచ్చి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, పటాన్ని దగ్గరగా చూసి ఒకే మాట అన్నారు: "పేర్లు నాలుగేనండీ, చెయ్యి మాత్రం ఒకటే."

ఆ మాట తరువాతే నేను చరిత్ర చదవడం మొదలుపెట్టాను. కొనకముందు చదవవలసినది కొన్నాక చదివాను.

1963లో ఇంగ్లండు, 1964 ఫిబ్రవరిలో అమెరికా ఆ నలుగురి వెంట పిచ్చెత్తినట్లు పరుగెత్తాయి. నాటకశాలల వెనుక గుమ్మాల దగ్గర వందల ఆటోగ్రాఫు పుస్తకాలు లోపలికి వచ్చేవి. అన్నింటిలో సంతకాలు చేస్తూ కూర్చుంటే కచేరీ చేసేదెప్పుడు? ఆ పని తరచుగా వారి వెంట తిరిగే ఇద్దరి మీద పడేది. ఒకరు నీల్ ఆస్పినాల్, బృందం వాహనం నడిపినవాడు, తరువాతి కాలంలో వారి ఆపిల్ సంస్థకు పెద్ద. రెండవవాడు మాల్ ఎవాన్స్, టెలిఫోను ఇంజనీరు ఉద్యోగం నుంచి వచ్చి వారి సామాను మోసినవాడు. నలుగురి పేర్లూ వ్రాయడంలో ఇద్దరికీ మంచి సాధన కుదిరింది. బృందంలోనివారు కూడా అక్కడ లేని మిత్రుడి పేరు తామే వ్రాసేసిన సందర్భాలున్నాయి. ఇక అభిమాన సంఘం పంపిన చిత్రాలమీద ఉన్నవి చాలావరకు అచ్చువేసిన సంతకాలు.

వీటిలో మోసం ఎంత? ఆస్పినాల్ ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోలేదు. గుమ్మం బయట చలిలో నిలుచున్న పిల్ల ఉత్త చేతులతో ఇంటికి పోకూడదని వ్రాశాడు. ఆ పిల్ల సంతోషం నిజమైనదే. ముప్ఫై నలభై ఏళ్ళ తరువాత ఆ కాగితానికి వెల కట్టినప్పుడే అది కూటలేఖ్యమైంది.

కూటలేఖ్యమన్న మాట ఊరకే వాడలేదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలో సందేహాస్పదమైన పత్రాన్ని శోధించే పద్ధతి చెప్పిన శ్లోకం ఒకటి ఉంది. స్వహస్తంతో వ్రాసిన వేరే పత్రాలతో పోల్చి చూడాలి. ఆ పైన, ఆ దేశంలో ఆ కాలంలో ఆ మనిషికి ఆ వస్తువు పొసగుతుందా అని యుక్తితో చూడాలి. ప్రత్యేకమైన గుర్తులు చూడాలి, ఆ సొత్తు వచ్చిన దారి, అంటే ఆగమం, విచారించాలి. తిక్కన కాలపు కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయానికి మూలమైన మితాక్షర ఈ స్మృతికి వ్యాఖ్యానమే. అప్పుపత్రాల కోసం చెప్పిన ఆ సూత్రం గ్రామఫోను రికార్డుల మీది సంతకాలకు ఇంత చక్కగా అమరుతుందని నేనూ అనుకోలేదు.

మొదట యుక్తి. రింగో స్టార్ బృందంలో చేరినది 1962 ఆగస్టులో. అంతకు ముందుదని చెప్పే బృందపు కాగితంలో పీట్ బెస్ట్ ఉండవలసిన చోట రింగో ఉంటే అక్కడే ఆగిపోవాలి. షార్పీ కలం బజారులోకి వచ్చినది 1964లో. ఆ కలంతో 1963 సంతకం ఉండదు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి టిక్కెట్టు కచేరీ చేసి యాత్రలు మానేశాక, నలుగురూ ఒకేచోట అభిమానులకు చిక్కడం అరుదైంది. అందుకే 1967 నాటి సార్జెంట్ పెప్పర్ రికార్డు అట్టమీద నలుగురూ సంతకం చేసిన ప్రతి ఒకటి 2013లో వేలానికి వచ్చినప్పుడు, 30,000 డాలర్లు పలుకుతుందనుకున్నది 2,90,500 డాలర్లు పలికింది. అటువంటివి వారం వారం అమ్మకానికి పెట్టేవాడుంటే అతని దగ్గర సిరా ఇంకా ఆరలేదనుకోవాలి.

లెనన్ ఆఖరి రికార్డు డబుల్ ఫాంటసీ 1980 నవంబరు 17న విడుదలైంది. డిసెంబరు 8 రాత్రి ఆయన హత్య జరిగింది. అంటే ఆ రికార్డుమీద ఆయన సంతకానికి ఉన్న వ్యవధి సుమారు మూడు వారాలు. ఆ చివరి సాయంత్రం డకోటా భవనం ముందు ఆయన ఒక ప్రతిమీద సంతకం చేసి ఇచ్చినది, కొన్ని గంటల తరువాత తనను చంపబోయేవాడికి. ఆ క్షణాన్ని పక్కనున్న ఒక అభిమాని ఫోటో తీశాడు. తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కాని ఆగమానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

తరువాత స్వహస్తం. సంతకం మనిషితోబాటు పెరుగుతుంది, అలసిపోతుంది. కనుక 1963 కాగితాన్ని 1963 నాటి నిర్వివాదమైన సంతకాలతోనే పోల్చాలి. నిజమైన చెయ్యి వేగంగా సాగుతుంది. అనుకరించే చెయ్యి ఆగి ఆగి, వణికి, తడబడుతుంది. అచ్చు సంతకాన్ని భూతద్దం కింద పెడితే చుక్కలు కనిపిస్తాయి. యంత్రపు కలం వ్రాసినదైతే ఒత్తిడి ఆద్యంతమూ ఒకటే. అన్నిటికంటే పెద్ద గుర్తు, రెండు ప్రతులు అణుమాత్రం తేడా లేకుండా ఒకదానిమీద ఒకటి అమరడం. మనిషి తన సంతకాన్ని తానే రెండుసార్లు ఒకేలా చేయలేడు.

మరి ధ్రువపత్రం? కాలిఫోర్నియాలో 1990లలో అమెరికా ఎఫ్‌బీఐ జరిపిన ఆపరేషన్ బుల్‌పెన్ అనే దర్యాప్తులో బయటపడిన ముఠా దొంగ సంతకాలతోబాటు దొంగ ధ్రువపత్రాలు కూడా తయారు చేసింది. ఆ దర్యాప్తులో మదర్ థెరెసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయి! పోనీ, పత్రమిచ్చేవారు పెద్దవారైతే? 2022లో బాబ్ డిలాన్ పుస్తకం 900 సంతకపు ప్రతులను, ప్రతి 599 డాలర్ల చొప్పున, ప్రచురణసంస్థే తన అధిపతి లేఖతో సహా అమ్మింది. కొన్నవారు తమ ప్రతుల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే సంతకాలు అచ్చుగుద్దినట్లున్నాయి. యంత్రం వ్రాసినవని తేలి సంస్థ డబ్బు వాపసు ఇచ్చింది. 2019 నుంచి తల తిరుగుడు వ్యాధితో బాధపడుతూ గడువులకోసం యంత్రాన్ని వాడవలసివచ్చిందని డిలాన్ ఒప్పుకుని విచారం తెలిపాడు. మోసాన్ని పట్టినది ఏ నిపుణుడూ కాదు, పోల్చి చూసిన పాఠకులు.

నా కాగితం సంగతి చెప్పి ముగిస్తాను. అది ఆస్పినాల్ వ్రాతకు దగ్గరగా ఉందన్నారు పెద్దాయన. నిజం తెలిసిన నెలలోపే ఒక స్నేహితుడు దానిని నేను కొన్న ధరకే అడిగాడు. ధ్రువపత్రం చేతిలోనే ఉంది. అతనికి అనుమానం లేదు. ఇవ్వనని నోట వచ్చేసరికి ఒక రాత్రి గడిచిందని ఒప్పుకోక తప్పదు. ఆ రాత్రి నాకూ ఆ వ్యాపారికీ మధ్య దూరం ఎంత తక్కువో తెలిసింది. అతనికీ ఎవరో ఇలాగే అమ్మి ఉంటారు.

మర్నాడు పటం విప్పి ధ్రువపత్రాన్ని చించివేశాను. కాగితం వెనుక పెన్సిలుతో, ఈ నాలుగు పేర్లూ ఆ నలుగురు వ్రాసినవి కావు అని వ్రాసి, కింద తేదీ వేసి, నా చేవ్రాలు పెట్టాను. రేపు అది ఎవరి చేతికి పోయినా, ఆ ఒక్క సంతకమైనా నిజమైనది.