బెంగళూరులో గాత్ర సంగీతపు తొలి పాఠాలు

బెంగళూరులో గాత్ర శిక్షణ ఇప్పటికీ సరళీ స్వరాలతోనే మొదలవుతుంది. ఆపై జంట స్వరాలు, దాటు వరుసలు, ఏడు తాళాల అలంకారాలు, మలహరి రాగంలో పిళ్లారి గీతాలు వస్తాయి. ఈ క్రమాన్ని ఏర్పరచినవాడు పురందరదాసు (1484–1564) అని సంప్రదాయం చెబుతుంది. అప్పటి నుంచి పాఠాలు పెద్దగా మారలేదు. నేర్పే చోటు, శ్రుతి పెట్టే సాధనం, పరీక్షించే తీరు మాత్రం చాలా మారాయి.

తొలి పాఠాలకు మాయామాళవగౌళ రాగాన్ని ఎంచుకోవడంలో మంచి ఆలోచన ఉంది. షడ్జమం పక్కనే శుద్ధ రిషభం ఉంటుంది, అక్కణ్ణుంచి అంతర గాంధారం దూరం, మళ్లీ మధ్యమం దగ్గర. పంచమం నుంచి పై షడ్జమం దాకా అమరిక కూడా ఇదే. కింది సగంలో కుదిరిన పట్టు పై సగంలో అక్కరకొస్తుంది. పసిగొంతు దగ్గరి స్వరాన్నీ దూరపు స్వరాన్నీ ఒకే పాఠంలో గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. స్వరాలు నోటికి వచ్చాక వాటినే అకారంలో, మూడు కాలాల్లో పాడిస్తారు. స్వరాల పేర్లు తీసేసి ఉత్త ‘ఆ’ మిగిల్చినప్పుడే గొంతు ఎక్కడ జారుతోందో, ఊపిరి ఎక్కడ తెగుతోందో బయటపడుతుంది. తెల్లవారుజామున మంద్ర స్థాయిలో చేసే సాధనకు పాతకాలపు విద్వాంసులు ఎంతో విలువ ఇచ్చేవారు.

మైసూరు రాజ్యంలో ఈ చదువు గురుకులాల్లో సాగింది. చామరాజేంద్ర ఒడయారు ఆదరణతో మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961) తిరువయ్యారు వెళ్లి పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ దగ్గర శిష్యుడిగా ఉన్నారు. అయ్యర్‌ గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య సాక్షాత్తూ త్యాగరాజు శిష్యుడు. అయ్యర్‌ది సహజంగా బరువైన గొంతనీ, దాన్ని సాధనతోనే లొంగదీసుకున్నారనీ సంగీతజ్ఞులు చెప్పుకుంటారు. వాసుదేవాచార్యులు తన కృతులను ఎక్కువగా తెలుగులోనూ సంస్కృతంలోనూ రచించారు. నంజనగూడులో పుట్టినా బెంగళూరు పేరునే ఇంటిపేరు చేసుకున్న గాయని నాగరత్నమ్మ (1878–1952) కూడా ఈ నగరంలో మునుస్వామప్ప వద్ద త్యాగరాజ సంప్రదాయంలోనే నేర్చుకుంది. ఇక్కడి తొలి పాఠాలు కన్నడనాట పుట్టాయి, వాటి తర్వాత నేర్చే కీర్తనల్లో సింహభాగం తెలుగు. అందుకే బెంగళూరులో గాత్రం నేర్చుకునేవారి ఇంటిభాష ఏదైనా తెలుగు ఉచ్చారణ కూడా సాధనలో భాగమైంది.

1905లో వెలసిన బెంగళూరు గాయన సమాజం, 1939లో చామరాజపేటలో మొదలైన శ్రీరామ సేవామండలి నగరానికి కచేరీలు వినే అలవాటు నేర్పాయి. నేర్చుకునే పిల్లలకు ఆ వినికిడే సగం చదువు. తర్వాత రాష్ట్ర పరీక్షల మండలి జూనియర్, సీనియర్, విద్వత్ పరీక్షలు పెట్టింది. పాఠాలకు ఒక వరుస, మధ్యతరగతి ఇళ్లలోని ఆడపిల్లలకు చేతికందే అర్హతాపత్రం దక్కాయి. అది చిన్న మేలు కాదు. అయితే పాఠ్యప్రణాళికలో ఇన్ని అలంకారాలు, ఇన్ని గీతాలు, ఇన్ని వర్ణాలు అని లెక్క ఉంటుంది గానీ గొంతును ఎలా తెరవాలో, ఊపిరి ఎక్కడ పట్టాలో ఉండదు. అది గురువు చెవికి వదిలేసిన పని. గురువు తొందరపడి వర్ణాల్లోకి వెళ్తే ఆ లోటు జీవితాంతం వెంటాడుతుంది.

ఆ తొందర ఎరుగని గురువుగా రుద్రపట్నం ఆర్.కె. శ్రీకంఠన్ (1920–2014) పేరు మొదట చెప్పాలి. ఆకాశవాణిలో పనిచేస్తూ, ఇంట్లో శిష్యులకు పాఠం చెబుతూ శ్రుతిశుద్ధి, సాహిత్య స్పష్టత అనే రెండు విషయాల్లో ఆయన రాజీపడలేదు. 2011లో పద్మభూషణ్ అందుకున్నారు. తొంభై దాటాక కూడా కచేరీలు చేయగలగడమే ఆ సాధనకు తిరుగులేని సాక్ష్యం.

శ్రుతి సంగతికొస్తే, ఒకప్పుడు పాఠానికి ముందు తంబుర నాలుగు తీగలూ కలపాలి. తీగకూ గుర్రానికీ మధ్య నూలుపోగును అటూ ఇటూ జరుపుతూ నాదం ఝుమ్మని పలికే ‘జీవ’ చోటు వెతకాలి. చెవికి తొలి పాఠం అదే. తిత్తితో ఊదే శ్రుతిపెట్టె ఆ శ్రమను తగ్గించింది. 1970ల చివర బెంగళూరులోనే, వేణువు వాయించే ఇంజనీరు జి. రాజ్ నారాయణ్ స్థాపించిన రాడెల్ సంస్థ ఎలక్ట్రానిక్ తంబురను తెచ్చింది. ఇప్పుడు ఫోనులోనే శ్రుతి మోగుతుంది. ఆడవారు ఐదు, ఐదున్నర, మగవారు ఒకటి, ఒకటిన్నర శ్రుతి మీట నొక్కి పెట్టుకుంటారు. గొంతు మారే వయసులో మగపిల్లవాడికి పాత శ్రుతి అందదు. కొత్త శ్రుతి కుదిరేదాకా గురువు ఓపిక పట్టాలి. యంత్రం ఆ నిర్ణయం చేయలేదు.

కంటోన్మెంటు చర్చిల గాయకబృందాల్లో పాశ్చాత్య పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. 1987లో అరుణా సుందర్‌లాల్ స్థాపించిన బెంగళూరు స్కూల్ ఆఫ్ మ్యూజిక్ దానికి నిలకడైన బడి అయింది. ఊపిరి, దవడ, అచ్చుల పలుకు, పాటకు ముందు గొంతు వేడెక్కించే కసరత్తులు అక్కడ విడి పాఠాలు. కర్ణాటక గురువులు ‘కడుపులోంచి పాడు’ అని ఒక్క మాటలో అనేదాన్ని అక్కడ మెట్టుమెట్టుగా విడదీసి చెబుతారు. రెండూ ఎరిగిన గురువుల దగ్గర పిల్లల గొంతుకు మేలు జరుగుతుంది.

ఇప్పుడు బెంగళూరు గురువులు అమెరికాలోని తెలుగు, కన్నడ పిల్లలకు పొద్దున్నే ఆన్‌లైనులో పాఠం చెబుతున్నారు. శబ్దం చేరడంలో ఆలస్యం వల్ల గురుశిష్యులు గొంతు కలిపి పాడలేరు. గురువు ఒక వరుస పాడి మైకు ఆపేస్తారు, శిష్యుడు తన దగ్గరున్న శ్రుతికి ఒంటరిగా పాడి వినిపిస్తాడు.