గంగ మీదికి రాని స్టీమర్లు: సిరొంచ తెలుగు వెనక ఒక నది కథ

మా సిరొంచలో గోదావరిని గంగ అంటం. గంగకు పోయొచ్చినం, గంగ నిండింది, గంగ దాటినం అంటం. భద్రాచలం దాటి కిందికి పోతే, రాజమండ్రి దిక్కు వాళ్లు గోదారి అంటరు. నది ఒక్కటే, భాష ఒక్కటే. కానీ వాళ్ల పడవ మాటలు మాకు రావు. లాకు, లస్కరు, పంటు, సరంగు, ఇవన్నీ నేను పెద్దయినంక గోదావరి జిల్లాల వాళ్ల నోట విన్నవే గాని, మా ఇంట్లో విన్నవి కావు. ఒకే నది ఒడ్డున ఉండే రెండు తెలుగులు ఇంత ఎడంగా ఎందుకున్నయి? దీనికి జవాబు కొంత యాసలో ఉంది, కొంత 1860 నుంచి 1871 దాకా నడిచి ఆగిపోయిన ఒక పనిలో ఉంది.

సిరొంచ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, దక్షిణం కొస. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయితది. ఆ ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఈ ఒడ్డున మేం, ఆ ఒడ్డున కాళేశ్వరం. కొంచెం కిందికి పోతే ఇంద్రావతి కూడా వచ్చి కలుస్తది. బడి మరాఠీ, ఆఫీసు మరాఠీ, ఇల్లు తెలుగు. మా తెలుగు వింటే కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లు తమదే అనుకుంటరు.

ఇప్పుడు అసలు కథ. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆర్థర్ కాటన్‌ను మనం పంటనీళ్లతో గుర్తుపెట్టుకున్నం. ఆయన మనసులో పడవ దారి కూడా అంతే గట్టిగ ఉండె. రైలు కన్న నీళ్ల దారి ఎంతో చవక అని ఏండ్ల తరబడి వాదించిండు. డెల్టాలో తవ్విన కాల్వలు పొలాలకు నీళ్లిచ్చుడే కాదు, సరుకు పడవలను కూడా మోసినయి. అదే దారిని నది వెంట మీదికి, అడవుల్లోంచి నాగపూర్ పత్తి దేశం దాకా పొడిగించాలనేది ఆలోచన. హింగన్‌ఘాట్ పత్తి బండ్ల మీద ఘాట్లెక్కి బొంబాయికి పోయే బదులు, వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగ దిగి కాకినాడ రేవుకు చేరాలె. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి, మన పత్తి కోసం ఇంగ్లండు మిల్లులు ఎగబడ్డయి. ఈ పథకానికి బలం వచ్చింది.

దీని కోసమే మా ఒడ్డు చేతులు మారింది. అంతకు ముందు ఇది నిజాం రాజ్యం. 1860 డిసెంబరు ఒప్పందంతో నదికి ఎడమ ఒడ్డునున్న తాలూకాలు ఇంగ్లీషోళ్లకు వచ్చినయి. నది మీద పోయే సరుకుకు సుంకం ఉండొద్దనేది కూడా ఆ ఒప్పందంలో ఉంది. ఈ తాలూకాలతో అప్పర్ గోదావరి జిల్లా అని కొత్త జిల్లా కట్టి, దానికి సిరొంచను ముఖ్యపట్టణం చేసిండ్రు. భద్రాచలం, రేకపల్లి అప్పుడు మా జిల్లాలోనివే. ఇది మళ్లీ చదవండి. ఇయ్యాల భద్రాచలం పోవాలంటే మాకు రాష్ట్రం మారాలె. ఆ రోజుల్లో భద్రాచలం వాళ్లకు కచేరీ పని పడితే సిరొంచ జిల్లా కేంద్రం. సెంట్రల్ ప్రావిన్సెస్ చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ ఈ నది దారికి గట్టి మద్దతుదారు.

పని ఎక్కడ చిక్కిందంటే బండల దగ్గర. నదికి అడ్డంగ మైళ్ల కొద్దీ పరుపు బండలు పరుచుకున్న చోట్లు మూడున్నయి. వాటినే బ్యారియర్లు అన్నరు. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇంచంపల్లి దగ్గర, ఇంద్రావతి కలిసిన చోటికి కింద. మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. ఎండకాలం బండలు తేలి పడవకు దారి ఉండదు. వానకాలం నీళ్లుంటయి గాని, ఆ వరదకు ఎదురు పోవుడు కష్టం. రెండు బండల నడుమ మాత్రం పడవ నడిచే లోతు ఉంటది. అందుకే బండల దగ్గర ఆనకట్ట కట్టి నీళ్లు నిలపాలె, పక్క నుంచి కాల్వ తవ్వి, లాకుల్లో పడవను మెట్టు మెట్టుగ ఎక్కియ్యాలె, దించాలె. దుమ్ముగూడెంలో హేగ్ అనే ఇంజనీరు చేతి కింద ఆనకట్ట, కాల్వ, లాకులు చాలామట్టుకు లేచినయి. కానీ ఆ అడవుల్లో ఏడాది పొడుగునా పని చేయనియ్యవు. జ్వరాలు పట్టుకుంటె కూలీలు నిలవరు. తిండిగింజలు కూడా బయటి నుంచి రావాలె.

ఈలోగా అమెరికా యుద్ధం 1865లో ముగిసింది. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తికి రైలు దొరికినంక నది కోసం ఎవరు ఎదురుచూస్తరు? ఖర్చు పెరుగుతనే ఉంది, పని సగంలోనే ఉంది. 1871లో ఆపేసిండ్రు.

స్టీమరు రాదని తేలినంక జిల్లా కూడా నిలువలేదు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాకు కలిపిండ్రు. సిరొంచ చాందా జిల్లాలో ఒక తహసీలుగ మిగిలింది. 1909లో నూగూరు, ఆల్బాక, చెర్ల కూడా మద్రాసుకే పోయినయి. అట్ల తెలుగు ఊర్లు ఒక్కొక్కటే తెలుగు దిక్కు పోతుంటే, మేం ఇటు మిగిలిపోయినం. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు చేసినప్పుడు కూడా మా తహసీలు చాందా జిల్లాతో పాటు మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు పోయింది. మాకు మరాఠీ బడి రావడం వెనక ఆగిపోయిన పడవ దారి కూడా ఒక కారణమంటే అతిశయం కాదు. నది నడిచి ఉంటే జిల్లా నిలిచేది. జిల్లా నిలిస్తే భద్రాచలం, సిరొంచ ఒకే కచేరీ కింద, ఒకే భాషలో ఉండేవేమో.

మరి నది మీద ఏమీ నడవలేదా అంటే, నడిచింది. రెండు తీర్ల నడిచింది. ఒకటి, దిగువకు. అడవుల్లో కొట్టిన టేకు, వెదురు తెప్పలు కట్టి, నీళ్లున్న రోజుల్లో రాజమండ్రి దిక్కు దించేటోళ్లు. తెప్ప దిగుతది గాని తిరిగి ఎక్కదు. పోయిన మనిషి నడిచి రావాలె. అట్ల పోయే మనుషులు తక్కువ, వాళ్లతో వచ్చే మాటలు ఇంకా తక్కువ.

రెండోది అడ్డంగ. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దోనెలు, నాటు పడవలు. మా బతుకంతా దీని మీదనే సాగింది. మా అవ్వ పుట్టిల్లు మహదేవపూర్ దిక్కు. ఆమె లగ్గమై పడవలోనే వచ్చింది, పండుగలకు పడవలోనే పోయింది. చెన్నూరు పోవాలన్నా ప్రాణహిత దాటుడే. మిరపకాయలు, బియ్యం, మేకలు, సైకిళ్లు, అన్నీ పడవలోనే. మా ఇంట్లో పడవాయనకు దాటినప్పుడల్లా పైసలిచ్చేటోళ్లు కాదు, పంట ఇంటికొచ్చినంక గింజలు కొలిచేటోళ్లు.

మా తెలుగు ఎందుకు ఇట్లుందో ఇక్కడ అర్థమైతది. నది పొడుగునా సరుకు నడవలేదు కాబట్టి రాజమండ్రి మాట మా దాకా ఎక్కలేదు. లాకు అన్న మాట దుమ్ముగూడెం దాకా వచ్చి ఆగింది, కట్టిన లాకుల్లాగనే. నదికి అడ్డంగ మనుషులు రోజూ నడిచిండ్రు కాబట్టి కరీంనగర్, ఆదిలాబాద్ మాట మా దగ్గర చెక్కుచెదరలేదు. మ్యాపులో నది సరిహద్దు. ఆ ఒడ్డు నిజాం, తర్వాత ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు తెలంగాణ. ఈ ఒడ్డుకు కూడా అన్నిసార్లు పేరు మారింది. దోనె మాత్రం ఏ గీతనూ పట్టించుకోలేదు.

ఇప్పుడు గోదావరి మీద, ప్రాణహిత మీద వంతెనలు వచ్చినయి. చాలా మంచిది. వరదలో గర్భిణిని పడవెక్కించిన ఇంటి వాళ్లనడిగితే వంతెన విలువ చెప్తరు. దాన్ని నేను కాదనను. కానీ పడవతో పాటు పడవ మాటలు కూడా ఒడ్డెక్కినయి. గడ వేసుడు, తెడ్డేసుడు, మడుగు, పాయ, సుడి, పరుపు బండ. పడవాయనను మరాఠీలో నావాడి అనేటోళ్లు, ఇంట్లో పడవాయన అనేటోళ్లు, దోనెను కొందరు డోంగా అనేటోళ్లు. ఏ మడుగు పేరేంది, ఏ నెలలో పాయ ఎటు జరుగుతది, ఎంత నీళ్లుంటే గడ అందదు, ఈ లెక్కలు పుస్తకాల్లో లేవు. కాటన్ పథకానికి రిపోర్టులున్నయి, మ్యాపులున్నయి, దుమ్ముగూడెంలో రాళ్లు కూడా ఉన్నయి. పదకొండేండ్ల పనికి అంత కాగితం మిగిలింది. తరతరాలు నడిచిన దోనెకు కాగితం లేదు, నోరే ఉంది.

సిరొంచ, అంకీసా, ఆసరెల్లి దిక్కు ఇంట్లో పడవ నడిపిన తాతలుంటే, వాళ్లను కూర్చోబెట్టి అడగండి. మడుగుల పేర్లు, రేవుల పేర్లు వాళ్లు పలికినట్టే, యాస దిద్దకుండ తెలుగు లిపిలో రాసిపెట్టండి. తెలుగు రాయడం రాని పిల్లలైతే ఫోన్లో రికార్డు చేసినా చాలు. వచ్చే వానకాలానికి గంగ మళ్లీ నిండుతది. అప్పటికి ఈ మాటలు చెప్పేటోళ్లు ఎందరుంటరో మన చేతుల్లో లేదు, రాసిపెట్టుకునుడు మాత్రం మన చేతుల్లోనే ఉంది.