పార్కు పక్కన పార్క్ చేసిన బండి: ఆంగ్ల పదాల వర్గనిర్ణయంలో తెలుగు ఉకారం

వ్యవసాయ పదాల సేకరణకని గోదావరి కాలువగట్ల వెంట తిరుగుతున్న రోజుల్లో ఒక పెద్దాయన తమ్ముణ్ణి కేకేసి అడగడం విన్నాను: "బండి లాకుల కాడ పెట్టావు సరే, లాక్ చేశావా లేదా?" ఆయనకు ఇంగ్లీషు చదువు లేదు. అయినా ఒకే ఆంగ్ల పదాన్ని రెండు తీర్లుగా పలికాడు. కాలువ మీది లాకు అజంతం, తాళం వేసే పని హలంతం. నేను వెళ్లిన పని పక్కకు పోయి ఈ తేడాయే వెంటపడింది.

ఆంగ్ల పదం నామమా, క్రియా అని తేల్చడానికి మన పాఠ్యపుస్తకాలు పేరు, పని అనే పాత కొలబద్దనే పట్టుకుని ఉన్నాయి. 'ఫైట్' పేరా, పనా అని పిల్లవాడు అడిగితే ఆ కొలబద్ద పనికిరాదు. ఈ మాట గట్టిగా అన్నవాడు అమెరికన్ భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫ్రైస్. నా పేచీ కూడా ఆయనతోనే. 1952లో వెలువడిన 'ది స్ట్రక్చర్ ఆఫ్ ఇంగ్లిష్' కోసం ఆయన సుమారు 50 గంటల టెలిఫోన్ సంభాషణలు, దాదాపు 2,50,000 మాటలు, పోగుచేశాడు. నామం, క్రియ అన్న పేర్లనే తీసేసి అంకెలు పెట్టాడు. ఖాళీ ఉన్న వాక్యచట్రాలు తయారుచేసి, ఎందులో ఇమిడితే ఆ వర్గమన్నాడు. శ్రమను కాదనలేం. కానీ ఆయన విన్నదంతా ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ల మాటే. అరువు తెచ్చుకున్నవాడు ఆ మాటను ఎక్కడ దాచుకుంటాడో చూస్తే మరో సాక్ష్యం దొరుకుతుందని ఆయనకు తోచలేదు.

ఆ సాక్ష్యం మన నోటిలోనే ఉంది. పిల్లలు ఆడుకునేది పార్కు, బండిని చేసేది పార్క్. బ్యాంకులో వేసేది చెక్కు, సరిచూడటం చెక్ చేయడం. చదివేది బుక్కు, టికెట్టును మాత్రం బుక్ చేస్తాం. బుక్కు చేశానన్నవాణ్ణి నేనింతవరకు ఎరగను. వేగంగా పలకడంలో ఉకారం జారిపోయిందేమో అనవచ్చు. అలాగైతే 'చేయు' దూరం జరిగినప్పుడు తిరిగి రావాలి కదా? "పార్క్ మాత్రం చేశా గానీ తాళం మర్చిపోయా" అన్నప్పుడూ రాదు. మరి 'ఫోను చేశా' సంగతి? అదే నా వాదానికి పెద్ద బలం. ఒక ఫోను చేసుకోనివ్వమంటాం, పొద్దుటినుంచి పది ఫోన్లు చేశానంటాం. ఒక పార్క్ చేశానని, పది పార్కులు చేశానని అనం. అంటే 'ఫోను చేశా'లో ఉన్నది నామమే, 'పని చేశా'లో పని లాగా. పక్కన ఉన్న 'చేయు' ఒకటే అయినా, సంఖ్యనూ బహువచనాన్నీ ఒప్పుకునే మాటే ఉకారాన్నీ నిలుపుకుంటోంది.

'రికార్డు'ను చూడండి. ఆంగ్లంలో నామమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియైతే రెండోదాని మీద. 1570 నాటి పీటర్ లెవిన్స్ నిఘంటువులో ఇలాంటి జంటలు మూడే కనిపిస్తాయి, అందులో ఇదొకటి. తర్వాతి శతాబ్దాల్లో అవి పెరుగుతూ వచ్చాయి. తెలుగులో ఊనికకు అర్థభేదం తెచ్చే శక్తి లేదు. అయినా ఆటగాడు రికార్డు బద్దలు కొడతాడు, గాయని పాట రికార్డ్ చేస్తుంది. ఆంగ్లం ఊనికతో చెప్పేదాన్ని మనం ఒక్క అచ్చుతో చెబుతున్నాం.

పాతతరంలో కొందరు 'సెలెక్టు చేశారు', 'ఎడ్జస్టు చేసుకో' అంటారు నిజమే; నేను చెబుతున్నది ఇప్పటి వాడుక గురించి. ఇక 'అవు' చేరిన రూపాల్లో ఉత్వసంధి వల్ల ఎలాగూ తేడా తెలియదు కనుక వాటిని పక్కన పెట్టాను.

కనుక చట్రాల కోసం వెతకనక్కర్లేదు. ఆంగ్ల పదానికి తెలుగువాడు ఉకారం చేరుస్తాడా లేదా అన్నదే దాని వర్గాన్ని చెబుతుంది. నన్నడిగితే, నిఘంటుకారులు మిషిగన్‌లో ఫ్రైస్ పోగుచేసిన టెలిఫోన్ మాటలకన్నా ముందు మన బస్టాండ్లలో ఫోన్లు మాట్లాడేవాళ్లను వినాలి. కాలువగట్టు మీద తమ్ముడు ఇచ్చిన జవాబు కూడా నా పుస్తకంలో రాసుకున్నాను: "లాకు పాడైందన్నా, లాక్ ఎట్టా చేసేది?"