వయోజన విద్య – చెరసాలయు, పల్లెయు

బాల్యమున బడిమెట్లెక్కని వారికి ముదిమిలో నక్షరము లేలయని యడుగువారు మనలో నిప్పటికిని గలరు. అట్టివారికి చరిత్రయే సమాధానము చెప్పుచున్నది.

1908వ సంవత్సరమున స్వరాజ్య పత్రికలోని వ్యాసము నిమిత్తమై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు శిక్షింపబడి, వేలూరు చెరసాలలో కష్టముల ననుభవించిరి. పిమ్మట వారు గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును విశేషముగా పాటుపడిరి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువ పడవపై గ్రంథములను పల్లెలకు చేర్చిరి. నేర్చిన యక్షరము చదువుటకు పుస్తకము లేనిచో కొలదికాలముననే మరపునబడును. ఈ మర్మమును మన పెద్దలు ముందే గ్రహించిరి.

రెండవ మర్మమును నెల్లూరు జిల్లా స్త్రీలు లోకమునకు దెలిపిరి. 1990 తరువాత నచ్చట సాగిన యక్షరాస్యతోద్యమమున, పగలెల్ల కూలిపని చేసిన యిల్లాండ్రు రాత్రివేళ పలకలు పట్టిరి. వారి వాచకమున సారావలన చెడిన కాపురముల ముచ్చట యుండెను. అది తమ యింటి కథయే యని వారెఱిగిరి. దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ వృత్తాంతమే పాఠమై 1992లో ఊరూర ప్రాకెను. 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. చదువరి బ్రతుకును స్పృశించిన పాఠమే నిలుచునని దీనివలన తేలుచున్నది.

ఇక చెరసాల మాట. నిరక్షరాస్యుడైన ఖైదీ తనపై మోపిన నేరమేమో కాగితమున చదువుకొనజాలడు. ఇంటికి వ్రాయదలచిన రహస్యమును సైత మన్యుని చెవిని వేయవలసినదే. 1993 మొదలు 1995 వరకు కిరణ్ బేదీగారు ఢిల్లీ తీహారు చెరసాల నధికరించినపుడు, చదువెఱిగిన ఖైదీలే తోడివారికి గురువులైరి. నేర్పినవానికి గౌరవమును, నేర్చినవానికి ధైర్యమును గలిగెను. గురువు బయటినుండియే రావలెనను నియమము లేదని దీనివలన తెలియుచున్నది.

1951లో దేశమున నూటికి 18.33 మందియే యక్షరాస్యులు. 2011 నాటికి వీరు సుమారు 73 మందియైరి. అయినను నూటికి సుమారు ఇరువదియేడుగురు మిగిలియే యుండిరి. వీరు దస్తావేజుపై వ్రేలిముద్ర వేయునపుడు అందేమున్నదో యెఱుగరు; పొలము పోయిన పిదపనే తెలిసికొందురు.

కావున సోదరులారా, ప్రతి శాఖాసంఘమును సాయంకాలమున నొక గంట తన గది తలుపు తెఱచి, ఒక దీపమును, ఒక బీరువా పుస్తకములను, చదువెఱిగిన యొక యువకుని నేర్పఱచినచో, మన మహాసభ తీర్మానములు కాగితముపైననే నిలిచిపోకుండును.