బొబ్బ అడుగున వెలిగిన గీత

చర్మవ్యాధుల ఓపీలో డాక్టరమ్మ బల్ల పక్కన నిలబడి చూస్తున్నారు మీరు. స్టూలు మీద కూర్చున్న ఆవిడ కొంగు చాటునుంచి చేతులు బయటికి తీసింది. వేళ్ల కణుపుల మీద నీటితో బిగిసిన బొబ్బలు. పాతవి మానిన చోట మచ్చలు, వాటిలో చిన్న తెల్లని గింజలు. మోచేతులూ మోకాళ్లూ అంతే.

"కాలిందా అమ్మా?"

"లేదు మేడమ్. గిన్నెలు తోముతుంటే రాసుకుంటుంది. అక్కడే బొబ్బ లేస్తుంది."

"కడుపెలా ఉంటోంది?"

ఆవిడ కొడుకు వంక చూసి తల దించుకుంది. డాక్టరమ్మ అతన్ని బయటికి పంపారు. అప్పుడు నోరు విప్పింది: నెలల తరబడి నొప్పి, విరేచనాలు, రక్తం. "మొలలనుకున్నా. చర్మం డాక్టరుకి ఇదెందుకని చెప్పలేదు."

మత్తు సూది పడింది. బొబ్బ పక్కన మామూలుగా కనిపించే చోటి నుంచి చిన్న చర్మం ముక్క తీశారు. ఫార్మలిన్‌లో వేస్తే ఫ్లోరోసెన్స్ పరీక్షకు పనికిరాదు. వేరే ద్రావణంలో పంపారు.

ఇక ల్యాబులో చీకటి గది. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపులో కన్ను పెట్టండి. పైచర్మానికీ లోచర్మానికీ నడుమ సన్నటి ఆకుపచ్చ గీత: అక్కడ యాంటీబాడీలు పేరుకున్నాయి. ఉప్పు ద్రావణంలో పొరలు విడదీసిన మరో చర్మం మీద ఆవిడ సీరం వేశారు. బులస్ పెంఫిగాయిడ్ అనే మరో బొబ్బల జబ్బు అయితే వెలుగు విడిన చోట పైకప్పున కనిపిస్తుంది. ఇక్కడ అడుగున ఉంది. ఎపిడెర్మోలిసిస్ బులోసా అక్విసిటా అన్న అనుమానం బలపడింది. టైప్ 7 కొలాజెన్ యాంటీబాడీల రక్తపరీక్ష దాన్ని ఖాయం చేసింది.

బొంత పొరలను కుట్టు పట్టి ఉంచినట్టు, పైచర్మాన్ని లోచర్మానికి పట్టి ఉంచేది ఈ కొలాజెనే. ఒంటి రక్షణ వ్యవస్థే దాని మీద దాడి చేస్తే, చిన్న రాపిడికే చర్మం లేచిపోతుంది. ఈ కొలాజెన్ పెద్దపేగులోనూ ఉంది. ఈ అరుదైన జబ్బు ఉన్నవాళ్లలో పేగువాపు జబ్బులు, ముఖ్యంగా క్రోన్స్, తరచుగా బయటపడతాయి. ఆవిడకు కొలనోస్కోపీలో తేలిందీ అదే.

ఈ బొబ్బల జబ్బుకు వాడే మందుల్లో ఒకటైన కొల్చిసిన్ విరేచనాలు తెప్పిస్తుంది. కడుపు సంగతి తెలిసింది కాబట్టి డాక్టరమ్మ అది రాయలేదు. డాప్సోన్ ఇచ్చే ముందు జీ6పీడీ పరీక్ష చేయించారు. పేగు డాక్టరుతో మాట్లాడి స్టెరాయిడ్ మోతాదు నిర్ణయించారు.

కాలకుండానే బొబ్బలు లేస్తుంటే, విరేచనంలో రక్తం పడుతుంటే, రెండూ ఒకే డాక్టరుకు చెప్పండి. అక్కడ సిగ్గుపడకండి.